నాతిద్రుత - నాతివిలంబిత భోజనము: చరక సుశ్రుత వచన సమన్వయము

ఆహారము దేహధారణమునకు మూలమని ఆయుర్వేదమును, చిత్తశుద్ధికి మూలమని ఉపనిషత్తులును బోధించుచున్నవి. ఏమి తినవలెను, ఎంత తినవలెను అను రెండు ప్రశ్నలపై మన వాఙ్మయమున జరిగిన చర్చ విస్తారమైనది. ఎంత వేగముతో తినవలెనను మూడవ ప్రశ్నపై శాస్త్రకారులు చెప్పినది కొలది మాటలలోనే యున్నను, అందు విచారణీయాంశములు పెక్కు గలవు. ఈ కాలమున వైద్యులును, పత్రికలును, ఉపన్యాసకులును 'అన్నమును మెల్లగా తినవలెను' అని హితవు చెప్పుచు, 'ఇది మన పూర్వులు ఎన్నడో చెప్పినదే' యని కలుపుచుందురు. ఈ మాట ఎంతవరకు ప్రమాణసిద్ధము? చరకసంహితలో నున్నది 'మెల్లగా' అను విధియా, మరియొకటియా? సుశ్రుతసంహితలో 'క్షిప్రముగా' భుజింపవలెనని యుండుటకు గతి యేమి? తరగతిలో విద్యార్థి యీ ప్రశ్న వేసినచో అధ్యాపకుడు చెప్పదగిన సమాధానమును నిరూపించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

విషయవాక్యములు

చరకసంహిత విమానస్థానమున మొదటి అధ్యాయము రసవిమానము. అందు ఆహారము హితమగుటకుగాని అహితమగుటకుగాని కారణములైన ప్రకృతి, కరణము, సంయోగము, రాశి, దేశము, కాలము, ఉపయోగసంస్థ, ఉపయోక్త అను ఎనిమిది చెప్పబడినవి. వీనిలో ఉపయోగసంస్థ యనగా తినుటయందలి నియమము. ఆ నియమములే తరువాత పదిగా విస్తరింపబడినవి. అన్నము వేడిగా నుండవలెను, స్నిగ్ధముగా నుండవలెను, మాత్రతో కూడి యుండవలెను, మునుపటి యాహారము జీర్ణమైన పిదపనే తినవలెను, వీర్యవిరుద్ధము కారాదు, ఇష్టమైన చోట, ఇష్టమైన ఉపకరణములతో తినవలెను, అతిద్రుతముగా తినరాదు, అతివిలంబితముగా తినరాదు, మాటలాడక, నవ్వక, మనస్సును అన్నమునందే నిలిపి తినవలెను, తన్ను తాను చక్కగా పరిశీలించుకొని తినవలెను. ఇవి పది.

ప్రతి నియమమునకును చరకుడు హేతువును చెప్పెను. అతిద్రుతముగా తినువానికి ఉత్స్నేహనము, అవసాదనము, భోజనము తన స్థానమున నిలువకుండుట యను దోషములు కలుగును. అంతియేకాక భోజ్యమునందలి దోషమునుగాని సాద్గుణ్యమునుగాని తెలిసికొనుట నియతము కాదు. ఉత్స్నేహనమనగా ఉన్మార్గగమనమని పదునొకండవ శతాబ్దికి చెందిన చక్రపాణిదత్తుని వ్యాఖ్య. అనగా పోవలసిన మార్గమును విడిచి పోవుట. వేగిరపాటుతో తినుచుండగా పొలమారుట ప్రతివారికిని అనుభవసిద్ధమే కావున, ఈ దోషమునకు వేరు నిదర్శనము అక్కరలేదు. అతివిలంబితముగా తినువాడు తృప్తి పొందడు, ఎక్కువ తినును, అన్నము చల్లారిపోవును, పాకము విషమమగును. మాటలాడుచు, నవ్వుచు, అన్యమనస్కుడై తినువానికి అతిద్రుతభోజనమున చెప్పిన దోషములే కలుగునని తొమ్మిదవ నియమమున చెప్పబడినది.

సుశ్రుతసంహిత సూత్రస్థానమున నలువదియారవ అధ్యాయము అన్నపానవిధి. అందు కాలమునందు, సాత్మ్యమైనది, లఘువైనది, స్నిగ్ధమైనది, ఉష్ణమైనది, మాత్రావత్తైనది యని విశేషణములు చెప్పుచు, 'క్షిప్రము'గా భుజింపవలెనని కూడ చెప్పబడినది. క్షిప్రముగా భుక్తమైన యన్నము సమపాకమును పొందునని దానికి ఫలము.

సంశయము

చరకుడు అతిద్రుతమును నిషేధించెను. సుశ్రుతుడు క్షిప్రమును విధించెను. ద్రుతము, క్షిప్రము అను రెండును లోకమున శీఘ్రార్థమున ప్రసిద్ధములు. ఒకరు నిషేధించినదానినే మరియొకరు విధించిరా? అట్లైనచో శాస్త్రమును నమ్మి భుజించువాడు దేని ననుసరింపవలెను?

పూర్వపక్షము

ఇచట రెండు పక్షములు సంభవించును. మొదటిది వికల్పపక్షము. వ్రీహులతోగాని యవలతోగాని యాగము చేయవచ్చునని యున్నచోట రెండును ప్రమాణములే యైనట్లు, ఇచటను ఇచ్ఛ వచ్చిన వేగముతో తినవచ్చునని వారి యభిప్రాయము. రెండవది అధికారిభేదపక్షము. చరకము కాయచికిత్సాప్రధానము, సుశ్రుతము శల్యప్రధానము. కావున ఇద్దరును వేరువేరు అధికారులను ఉద్దేశించి చెప్పిరని వీరి యూహ.

ఈ రెండును నిలువవు. వికల్పమును అంగీకరించినచో ఎనిమిది దోషములు కలుగునని మీమాంసకుల సిద్ధాంతము. కావున గత్యంతరము లేనపుడే వికల్పము. సమన్వయము సాధ్యమైనచోట వికల్పమునకు తావు లేదు. ఇక సుశ్రుతుని అన్నపానవిధి శస్త్రచికిత్స పొందినవారికి మాత్రమే చెప్పబడినదనుటకు ఆ వచనమున లింగము కానరాదు. అచటి విశేషణములు కాలము, సాత్మ్యము, మాత్ర మున్నగు సామాన్యవిషయములే. కావున అధికారిభేదకల్పనము నిర్మూలము.

శబ్దవిచారము

సమన్వయమునకు ముందు చరకుని నిషేధస్వరూపమును తెలియవలెను. 'నాతిద్రుతమ్' అనుచోట నఞ్‌సమాసమైనచో అష్టాధ్యాయి 6-3-73 వలన నకారము లోపించి, 6-3-74 వలన నుడాగమము వచ్చి, 'అనతిద్రుతమ్' అని కావలెను. అట్లు కాలేదు. కావున 'న' యనునది వేరు పదమనిగాని, నిషేధార్థకమైన 'న' శబ్దముతో సుప్సుపా సమాసమనిగాని చెప్పవలెను. 'నైకధా', 'నాతిదూరే' వంటి ప్రయోగములందు వ్యాఖ్యాతలు చూపు మార్గమిదే. ఏ పక్షమునందైనను నిషేధము తగులునది 'అతి'తో కూడిన ద్రుతమునకే కాని కేవల ద్రుతమునకు గాదు. విశేషణముతో కూడిన దానిని నిషేధించినపుడు, విశేష్యమునకు బాధ లేనిచో నిషేధము విశేషణమున విశ్రమించునని న్యాయము. కావున చరకుడు నిషేధించినది వేగమును గాదు, వేగాతిశయమును. అట్లే విలంబమును గాదు, విలంబాతిశయమును.

ఇందువలన ఒక యంశము స్పష్టమగుచున్నది. 'మెల్లగా తినుము' అను విధి చరకమున లేదు. ఉన్నది రెండు నిషేధములు. రెండు గట్ల నడుమ నీరు పారునట్లు, ఈ రెండు నిషేధముల నడుమ భోజనము సాగవలెనని గ్రంథకారుని యాశయము. ఒక గట్టును మాత్రమే చూపి శాస్త్రమిట్లున్నదని చెప్పుట అర్ధోక్తి యగును.

సిద్ధాంతము

సుశ్రుతుని 'క్షిప్ర' శబ్దము సందిగ్ధము. తొందరపాటుతో అనియు చెప్పవచ్చును, ఆలస్యము లేక అనియు చెప్పవచ్చును. సందిగ్ధస్థలమున వాక్యశేషము నిర్ణాయకమని పూర్వమీమాంస ప్రథమాధ్యాయ చతుర్థపాదమున నిర్ణయింపబడినది. తడిపిన శర్కరలను పేర్చవలెనని విధి యుండగా, దేనితో తడుపవలెనను సందేహమునకు, తరువాత వచ్చిన ఘృతస్తుతియే 'నేతితో' అని సమాధాన మిచ్చుచున్నది. ఆ న్యాయమునే ఇచట యోజింపవలెను. క్షిప్రభోజనమునకు సుశ్రుతుడు చెప్పిన ఫలము సమపాకము. చరకుడు విషమపాకమును ఏ దోషమునకు ఫలముగా చెప్పెనో చూడవలెను. అతిద్రుతమునకు గాదు, అతివిలంబితమునకు. సమపాకము విషమపాకమునకు ప్రతియోగి. కావున సుశ్రుతుని క్షిప్రము చరకుని అతివిలంబితమునకు ప్రతియోగి యని ఫలబలముచే తేలుచున్నది. ఆయన చెప్పినది విలంబాతిశయము లేకుండ తినుమనియే. తొందరపడి మ్రింగుమని గాదు.

అతిద్రుతమునకు చరకుడు చెప్పిన దోషములందు పాకవైషమ్యము పేర్కొనబడలేదు. అవి మార్గదోషము, శరీరావసాదము, స్థానాలాభము, జ్ఞానాభావము. కావున ఇద్దరు ఆచార్యులును ఒకే విషయమున విరుద్ధముగ పలికినవారు కారు. చరకుడు రెండు గట్లను చూపెను. సుశ్రుతుడు వానిలో ఒకదానిని చూపెను. అష్టాంగహృదయ సూత్రస్థానమున ఎనిమిదవదగు మాత్రాశితీయాధ్యాయమున వాగ్భటుడు ద్రుతవిలంబితములను ఒకే సమాసమున బంధించి, రెంటికిని అతిశయమును నిషేధించుట ఈ సమన్వయమునకు ఉపోద్బలకము. ద్వంద్వమునకు ఆదియందు వినబడు పదము ప్రత్యేకముగ ఒక్కొక్కదానితో అన్వయించును గావున, అచటి 'అతి' ద్రుతముతోను విలంబితముతోను కూడ అన్వయించును.

సమపాకమునకును కాలమునకును గల సంబంధమును చరకుడు చికిత్సాస్థానమున గ్రహణీప్రకరణమునందు చూపిన దృష్టాంతము వెలుగులో గ్రహింపవచ్చును. ప్రాణవాయువు అన్నమును కోష్ఠమునకు గొనిపోవును, ద్రవములచే అది విడివడును, స్నేహముచే మెత్తబడును, సమానవాయువుచే ప్రజ్వలితమైన జఠరాగ్ని దానిని వండును. కుండలో నీటితోడి బియ్యమును అగ్ని అన్నముగా వండినట్లని ఉపమానము. ఎసటిలో బియ్యము ఒక్క తడవ పోసినచో సమముగా ఉడుకును. గుప్పెడు ఇపుడు, గుప్పెడు మరికొంతసేపటికి వేయుచు పోయినచో కొన్ని మెతుకులు జావయై, కొన్ని పలుకై యుండును. అతివిలంబితమున పాకము విషమమగుటకు ఇది చక్కని నిదర్శనము. ఏ యిల్లాలినడిగినను ఈ మాటనే చెప్పును.

వేగమునకు కొలత

నడిమి వేగమనిన నెంత? చరకుడు ఘడియలను చెప్పలేదు, కబళసంఖ్యను చెప్పలేదు, నమలు సంఖ్యను చెప్పలేదు. అయినను కొలత చెప్పకపోలేదు. ఇతరనియమములే కొలతలు. తొలి నియమము ఉష్ణభోజనము. అన్నము చల్లారకముందే భోజనము ముగియవలెనని దీనివలన విలంబమునకు ఎల్ల ఏర్పడుచున్నది. తొమ్మిదవ నియమము తన్మనస్కత. అన్నమునందలి రుచిని, దోషమును గుర్తింపగలిగినంత నిదానమైన ఉండవలెనని దీనివలన వేగమునకు ఎల్ల ఏర్పడుచున్నది. వెండ్రుకయో రాయియో నోటికి వచ్చినపుడు తెలియనంత వేగము అతిద్రుతము. విస్తరిలోని చారన్నము చల్లారునంత జాగు అతివిలంబితము. పదియవ నియమము తన్ను తాను పరిశీలించుకొనుట. పండ్లూడిన వృద్ధునకును, పదునారేండ్ల విద్యార్థికిని ఒకే వేగము చెప్పుట తగదని దీనివలన సిద్ధించుచున్నది.

వేదాధ్యయనమున ద్రుత, మధ్యమ, విలంబితములను మూడు వృత్తులు ప్రసిద్ధములు. అభ్యాసమునకు ద్రుతము, ప్రయోగమునకు మధ్యమము, శిష్యోపదేశమునకు విలంబితము వినియోగింపబడునని ప్రాతిశాఖ్యమున చెప్పబడినది. అనగా వేగము స్వతః గుణమును గాదు, దోషమును గాదు, ప్రయోజనముచే నిర్ణయింపబడును. అయినను పాణినీయశిక్ష అధమపాఠకులను పేర్కొనునపుడు 'శీఘ్రి'ని వారిలో చేర్చినది. ఏలయన, వర్ణము స్వస్థానమున పలుకబడనంత వేగము ఏ ప్రయోజనమునకును ఉపకరింపదు. అన్నము స్వస్థానమున నిలువకుండుట అతిద్రుతభోజనదోషమని చరకుడు చెప్పుటకును దీనికిని గల సాదృశ్యము పరిశీలింపదగినది. పఠనమున వర్ణము వలెనే భోజనమున కబళమునకును స్థానముండును.

ముప్పదిరెండు అను సంఖ్య

ప్రతి కబళమును ముప్పదిరెండు మారులు నమలవలెనని శాస్త్రము చెప్పుచున్నదను మాట తరచు వినబడును. చరకుని పది నియమములందు ఇట్టి సంఖ్య లేదు. ధర్మశాస్త్రమున ముప్పదిరెండు కలదు; కాని అది నమలు సంఖ్య గాదు, కబళసంఖ్య. మునికి ఎనిమిది, వానప్రస్థునకు పదునారు, గృహస్థునకు ముప్పదిరెండు గ్రాసములనియు, బ్రహ్మచారికి పరిమితి లేదనియు ఆపస్తంబధర్మసూత్రము. ఇది మాత్రకు సంబంధించినది; వేగమునకు గాదు. ముప్పదిరెండు మారులు నమలుమను హితోక్తి ఇంగ్లండు ప్రధానమంత్రియైన గ్లాడ్‌స్టన్ (1809-1898) పేర పాశ్చాత్యదేశములందు ప్రచారమున నున్నది. అమెరికాకు చెందిన హొరేస్ ఫ్లెచర్ (1849-1919) అన్నము ద్రవమగువరకు నమలవలెనని ఉద్యమమే నడపెను. ఆ మాట మంచిదైనచో మంచిదే. దానిని మన ఋషుల పేర చెప్పుట మాత్రము ప్రమాణవిరుద్ధము. బ్రహ్మచారికి పరిమితి లేదనుట కూడ గమనింపదగినది. చదువుకొను పిల్లవాని యాకలికి ధర్మశాస్త్రకారుడు అడ్డు చెప్పలేదు.

ఆధునికపరిశోధనలతో సంవాదము

నేటి శరీరశాస్త్రము ప్రకారము పిండిపదార్థముల జీర్ణక్రియ నోటియందే లాలాజలములోని ఎమిలేజ్ వలన ఆరంభమగును. కడుపు నిండుచున్నదను సమాచారము జీర్ణాశయపు సాగుదలచే వేగస్ నాడి ద్వారమునను, ప్రేగులనుండి వెలువడు హార్మోనుల ద్వారమునను మెదడును చేరును. దీనికి కొంత కాలము పట్టును. ఆ సమాచారము చేరకముందే భోజనము ముగిసినచో మాత్ర మీరుట సులభము.

2010లో గ్రీసు దేశపు పరిశోధకులు పదునేడుగురు ఆరోగ్యవంతులైన పురుషులకు 300 మిల్లీలీటర్ల ఐస్‌క్రీమును ఒకమారు 5 నిమిషములలోను, మరియొకమారు 30 నిమిషములలోను తినిపించి పరీక్షించిరి. నిదానముగా తినినపుడు తృప్తిని సూచించు పీవైవై, జీఎల్‌పీ-1 అను హార్మోనులు అధికముగా వెలువడినవి. 2014లో 22 పరిశోధనలను కలిపి చూచిన సమీక్షయందు, నిదానముగా తినినపుడు తినిన మొత్తము తగ్గినదనియు, అట్లు తక్కువ తినినను పిమ్మట ఆకలి అధికము కాలేదనియు తేలినది. జపానునందు 3287 మంది వయోజనులను పరిశీలించి 2008లో ప్రకటించిన పరిశోధనయందు, కడుపు నిండువరకు తినుట, వేగముగా తినుట అను రెండలవాట్లును గలవారియందు స్థూలత్వము అధికముగా కనబడినది. ఈ చివరిది సాహచర్యమును మాత్రమే చూపునది, కార్యకారణభావమును నిశ్చయింపదు. అయినను చరకుని మూడవ నియమమైన మాత్రయును, ఏడవదైన నాతిద్రుతమును వేరువేరుగా చెప్పబడి, అన్యోన్యము తోడగుచున్న విధమునకు ఇది అనుకూలము.

ఇచట తొందరపడి 'శాస్త్రము రుజువైనది' అనుట తగదు. అతివిలంబితమున ఎక్కువ తినుట సంభవించునని చరకుడు చెప్పగా, నిదానముగా తినినచో తక్కువ తిందురని ఈ పరిశోధనలు చెప్పుచున్నవి గదా యని ఆక్షేపింపవచ్చును. రెండింటి విషయము వేరు. పరిశోధనలందలి నిదానము, పరిమితకాలమున ఎడతెగక సాగిన భోజనము. చరకుని అతివిలంబితము అన్నము చల్లారువరకు సాగునది, తృప్తి యెన్నడును కలుగనిది. కొంచెము తినుట, పనికి లేచుట, మరల వచ్చి తినుట యను నేటి యలవాటు దీనికి సమీపము. ఐస్‌క్రీముతో చేసిన పరీక్షయందు ఉష్ణనియమమునకు తావే లేదు. కావున ఆధునికపరిశోధన చరకుని ఏడవ నియమమునకు కొంత తోడ్పడుచున్నది. ఎనిమిదవ నియమమును అది స్పృశింపలేదు.

ఆచారమునందలి యుపాయము

నియమమును చెప్పుట సులభము. అది దినదినము జరుగునట్లు చేయుట కష్టము. మన భోజనాచారము వేగనియమమును ఉపదేశముగా గాక క్రమముగా అమర్చినది. కాళ్లు చేతులు కడుగుకొని కూర్చుండుట, పరిషేచనము, ఔపోశనము, ప్రాణాదులకు ఐదు ఆహుతులు అనునవి ఆకలిగొన్నవాని తొలి తొందరను అణచును. ప్రాణాహుతులకు మూలము ఛాందోగ్యోపనిషత్తు ఐదవ అధ్యాయమున కలదు. ఆ మెతుకులను దంతములకు తగులనీయక మ్రింగు సంప్రదాయము కలదు గావున అది నమలుటకు విధి గాదు. మనస్సును నిలుపుటకు ఉపాయము. అన్నమును గౌరవించి, నిందింపక, చూచి సంతోషించి తినవలెనని మనుస్మృతి రెండవ అధ్యాయమున చెప్పబడినది. అతిభోజనము ఆరోగ్యమునకును ఆయుస్సునకును చెరుపని అచటనే కలదు.

తెలుగువారి విస్తరిలో పప్పు, కూర, పచ్చడి, పులుసు, చారు, మజ్జిగ అను వరుస కలదు. ఒక్కొక్క వంతునకు అన్నము మరల వడ్డింపబడును. వడ్డించువారు వచ్చువరకు తినువాని చేయి నిలుచును; వేడియన్నము మరల వచ్చును గావున చల్లారుటయు లేదు. ద్రుతాతిశయమునకును విలంబాతిశయమునకును ఒకే యేర్పాటు అడ్డుపడుచున్నది. పంక్తిలో అందరును ముగించువరకు లేవరాదను మర్యాద వేగిరపడువానిని నిలుపును. తనకై పంక్తి యంతయు వేచియున్నదను ఎరుక జాగు చేయువానిని కదలించును. అన్నియు ఒకే పళ్లెమున ఒకేమారు పెట్టుకొని, దూరదర్శినివైపో చరవాణివైపో చూచుచు తినునపుడు ఈ యేర్పాటు సమస్తమును తొలగిపోవును. అన్యమనస్కునకు అతిద్రుతదోషములే కలుగునను చరకుని మాట ఇచట మిక్కిలి తగియున్నది. అట్టివాడు అరగంట తినినను అతిద్రుతముగా తినినవాడే.

ఫలితాంశము

పై విచారణవలన తేలిన యంశములు ఇవి. చరకుడు మందగతిని విధింపలేదు. రెండు అతిశయములను నిషేధించెను. సుశ్రుతుని క్షిప్రపదము సమపాకఫలముచే విలంబాతిశయనిషేధపరమగును గాని తొందరను విధింపదు. వాగ్భటవచనము ఈ సమన్వయమునకు సాక్షి. వేగమునకు కొలత అన్నపు వేడియు, తినువాని యెరుకయు, వాని శరీరస్థితియు. నమలు సంఖ్యను శాస్త్రమునకు అంటగట్టుట తగదు.

దీనికి ఆచరణమున ఒక ఫలము కలదు. పాఠశాలలందును వసతిగృహములందును రెండు గంటల నడుమ విద్యార్థులు అన్నము మ్రింగి పరుగెత్తవలసిన పరిస్థితి పెక్కుచోట్ల కనబడును. అట్టి పిల్లలకు విమానస్థానము పాఠము చెప్పి, పది నియమములను కంఠస్థము చేయించి, పరీక్షలో వ్రాయించుట మాత్రమే చాలదు. వారికి వేడియన్నము పెట్టి, కూర్చుండి తినుటకు తగినంత కాలము నిచ్చినపుడే ఆ పాఠము ముగిసినదగును. కాలపట్టికను వేయువారు అధ్యాపకులే కావున, నాతిద్రుతనియమమును పాటించుట తొలుత వారి చేతిలోనే యున్నది. ఇంటియందు పండ్లు లేని వృద్ధులు తినుచుండగా 'ఇంకను కాలేదా' యని తొందరపెట్టకుండుటయు ఈ నియమమునందే అంతర్భవించును. వారికి ఆ వేగమే మధ్యమవృత్తి.